ప్రధానదూతను దేవతను చేయకండి: తెలుగు సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ బాధ్యులకు బహిరంగ లేఖ

ఓటీటీ సంస్థల తెలుగు విభాగాల బాధ్యులకు, వారికి పనిచేసే అనువాద ఏజెన్సీలకు, సబ్‌టైటిల్ అనువాదకులకు, డబ్బింగ్ మాటల రచయితలకు,

నమస్కారం. విదేశీ ఫాంటసీ సీరియళ్లు ఇవాళ తెలుగులో చూడగలుగుతున్నామంటే అది మీ చలవే. అందుకు కృతజ్ఞతలు చెప్పి నేరుగా విషయానికి వస్తున్నాం.

దేవదూతలు పాత్రలుగా నడిచే సీరియళ్లలో, ముఖ్యంగా పైస్థాయి దూతల పేర్ల దగ్గరా హోదాల దగ్గరా, తెలుగు అనువాదం ఒకే రకం తప్పులు మళ్లీ మళ్లీ చేస్తోంది. యాప్‌లలో ఫిర్యాదు రాశాం. ఈమెయిళ్లు పంపాం. ఏ సీజన్, ఏ ఎపిసోడ్, ఎన్నో నిమిషం అని పట్టిక వేసి మరీ ఇచ్చాం. వచ్చిందల్లా "మీ అభిప్రాయం మాకు విలువైనది" అనే ఒక్క వాక్యం, అదీ ఇంగ్లిష్‌లో. అందుకే ఈ లేఖ నలుగురి ముందూ పెడుతున్నాం. ఏ సంస్థ, ఎవరి అనువాదం అన్న పేర్లు ఎత్తడం లేదు. తప్పు ఏ ఒక్కరిదో కాదు. కింద సీరియళ్ల పేర్లు వచ్చినచోట్ల అవి కథ తెలియడానికే. వాటి తెలుగు ప్రతులను వేలెత్తి చూపుతున్నామని అనుకోవద్దు.

1. ఏంజెల్ దేవత కాదు.

తెలుగులో దేవత అంటే పూజలందుకునే మూర్తి. గ్రామదేవత, ఇలవేల్పు, పొలిమేరలో పోలేరమ్మ. ఏంజెల్ పూజలందుకోడు, పంపితే వస్తాడు. గ్రీకులో 'అంగెలోస్', హీబ్రూలో 'మలాఖ్' అన్న మాటలకు అర్థం కబురు తెచ్చేవాడని. 'దూత' దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే మాట. ప్రకటన గ్రంథం 22వ అధ్యాయంలో యోహాను దూత పాదాల ముందు సాగిలపడబోతే, ఆ దూత "వద్దుసుమీ" అని వారించి దేవునికే నమస్కారం చేయమంటాడు. నమస్కారం వద్దన్నవాడికి దేవత అని పేరు పెడితే అర్థం తలకిందులైనట్టే కదా!

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. సినిమా పాటల్లో ప్రేయసిని ఏంజెల్ అన్నా దేవత అన్నా ఒకటే. అక్కడ చెల్లుతుంది. సీరియల్‌లో చెల్లదు. 'సూపర్‌నేచురల్' సీరియల్ నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, 2008 సెప్టెంబరులో, కాస్టియెల్ అనే దూత మొదటిసారి తెర మీదికి వచ్చే దృశ్యం గుర్తు తెచ్చుకోండి. కొట్టం తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, బల్బులు నిప్పురవ్వలు చిమ్ముతూ పేలిపోతుంటాయి, నలిగిన పొడుగు కోటు, వదులైన టైతో ఒక మగమనిషి నడిచొచ్చి తనెవరో చెబుతాడు. ఆ చోట "నేను ప్రభువు దేవతను" అని పడితే చూసేవాళ్లు నవ్వుతారు. అక్కడ ఆయన అన్న మాటకు తెలుగు ఎప్పుడో ఉంది: 'ప్రభువు దూత'. క్రిస్మస్ రాత్రి గొర్రెల కాపరుల దగ్గరికి వచ్చింది ఎవరని ఏ సండే స్కూలు పిల్లనడిగినా ఆ మాటే చెబుతుంది.

కథోలిక ప్రార్థనల్లో 'సన్మనస్కుడు' అంటారు. ముస్లిం ఇళ్లలో 'ఫరిష్తా' అంటారు. కథ ఆ మతం నేపథ్యంలో నడిస్తే ఆ మాట వాడండి. మిగతా అన్నిచోట్లా 'దేవదూత' లేదా ఉత్త 'దూత' చాలు.

2. ఆర్చేంజెల్ అంటే ప్రధానదూత. ఆ హోదా మీదే కథ నిలబడి ఉంటుంది.

తెలుగు బైబిల్ ఈ మాటను ఎప్పుడో స్థిరపరిచింది. కొత్త నిబంధన మొత్తం మీద ఈ పదం రెండేచోట్ల వస్తుంది: 1 థెస్సలొనీకయులకు 4:16లో, యూదా పత్రిక 9వ వచనంలో. రెండోచోట మిఖాయేలును పేరుపెట్టి 'ప్రధానదూత' అన్నారు. గబ్రియేలు దానియేలు గ్రంథంలోనూ లూకా సువార్తలోనూ కనిపిస్తాడు గానీ, ఆయన్ని అక్కడ ఎక్కడా ప్రధానదూత అనలేదు. ఆ బిరుదు తర్వాతి సంప్రదాయం ఇచ్చింది.

ఇంత సిద్ధంగా ఉన్న మాటను వదిలేసి ఒక ఎపిసోడ్‌లో 'ఆర్చ్ ఏంజెల్', ఇంకో ఎపిసోడ్‌లో 'మహాదేవత', మూడోదాంట్లో ఉత్త 'దేవదూత' అని రాస్తే ఏమవుతుంది? 'సూపర్‌నేచురల్'లో మామూలు దూతను చంపే కత్తికి ప్రధానదూత చావడు. కాస్టియెల్ మామూలు దూత. మిఖాయేలు, లూసిఫర్, రఫాయేలు, గబ్రియేలు నలుగురే ప్రధానదూతలు. 2010 మే నెలలో ప్రసారమైన ఐదో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో లూసిఫర్ ఒక్క చిటిక వేస్తే కాస్టియెల్ ముక్కలు ముక్కలవుతాడు. రెండు హోదాలకూ ఒకే మాట వాడిన తెలుగు ప్రతి చూసేవాడికి ఇదంతా అడ్డగోలుగా అనిపిస్తుంది. "ఇద్దరూ దేవదూతలే కదా, ఇతనెందుకు చచ్చాడు, అతనెందుకు చావలేదు" అని పక్కవాళ్లను అడుగుతాడు. ఆ తప్పు కథ రాసినవాళ్ల మీద పడుతుంది. నిజానికి అది మన రెండు వరుసల అక్షరాల్లో ఉంది.

'డొమినియన్' అనే సీరియల్‌లోనూ ఇదే సంగతి. అక్కడ పైస్థాయి దూతలకు సొంత శరీరాలూ రెక్కలూ ఉంటాయి. కిందిస్థాయి దూతలు మనుషుల్లో దూరతాయి. 'పై', 'కింద' అన్న ఆ రెండు చిన్న మాటలు ఎగిరిపోతే కథే ఎగిరిపోతుంది.

3. తొమ్మిది శ్రేణులను సచివాలయంగా మార్చకండి.

మీలో చాలామందిని ఇబ్బంది పెట్టేది ఈ భాగమే కనుక కాస్త వివరంగా రాస్తున్నాం. అయిదో శతాబ్దం చివరా ఆరో శతాబ్దం మొదటా దియొనీసియస్ అనే మారుపేరుతో గ్రీకులో రాసిన ఒక రచయిత, దూతలను మూడేసి చొప్పున తొమ్మిది శ్రేణులు చేశాడు. పైనుంచి కిందికి ఇంగ్లిష్‌లో వాటిని సెరాఫిమ్, చెరుబిమ్, థ్రోన్స్; డొమినియన్స్, వర్చ్యూస్, పవర్స్; ప్రిన్సిపాలిటీస్, ఆర్చేంజెల్స్, ఏంజెల్స్ అంటారు. లెక్కపెట్టి చూడండి. ప్రధానదూతలు ఎనిమిదో మెట్టు మీద ఉన్నారు, అంటే కిందినుంచి రెండోది!

తప్పేమీ లేదు. పై శ్రేణులు దేవుని సన్నిధిని వదలవు, కింది శ్రేణులే మనుషుల దాకా వస్తాయి అన్నది ఆ పద్ధతి. మనుషులకు కబురు తెచ్చేవాళ్లకే మనుషుల నోళ్లలో పేర్లు మిగిలాయి. టీవీ రచయితలకు పేరున్న పాత్రలు కావాలి, అందుకని వాళ్లు ప్రధానదూతలను శిఖరం మీద కూర్చోబెడతారు. యూదు పండితుడు మైమోనిడీస్ లెక్క ఇంకొకటి: ఆయన పది శ్రేణుల్లో సెరాపులు అయిదో స్థానం, కెరూబులు తొమ్మిదో స్థానం. అంటే అందరూ ఒప్పుకున్న ఒకే జాబితా ఏదీ లేదు. ఆ సీరియల్ ఏ లెక్క పాటిస్తోందో చూసుకుని దానికే కట్టుబడండి. తెలిసినవాళ్లం కదా అని వరుసను సరిదిద్దబోవద్దు.

ఇక మాటలు. సెరాఫ్‌కు 'సెరాపు', చెరబ్‌కు 'కెరూబు' తెలుగు బైబిల్లోనే ఉన్నాయి. యెషయా 6లో సెరాపుకు ఆరు రెక్కలు: రెండింటితో ముఖం, రెండింటితో కాళ్లు కప్పుకుని రెండింటితో ఎగురుతుంది. యెహెజ్కేలు 1లో కనిపించే జీవులకు నాలుగేసి ముఖాలు, మనిషివి, సింహానివి, ఎద్దువి, పక్షిరాజువి. పదో అధ్యాయంలో వాటినే కెరూబులని చెబుతారు. క్రిస్మస్ కార్డు మీది బొద్దుపాపడికీ దీనికీ పోలికే లేదు. ఈ తేడా తెలిస్తేనే 'సూపర్‌నేచురల్'లో ఒక హాస్యం పండుతుంది. ఐదో సీజన్‌లో క్యూపిడ్‌గా వచ్చే బట్టల్లేని లావాటి మనిషి, ఎదురైనవాళ్లనల్లా కావలించుకునేవాడు, నిజానికి మూడో తరగతి కెరూబు. తెలుగులో 'మన్మథుడు' అని ఊరుకుంటే సగం హాస్యం పోతుంది. అంత భయంకరమైన కెరూబుకు పట్టిన గతి చూడు అన్నదే అసలు చమత్కారం.

మధ్య శ్రేణుల దగ్గర బైబిల్ మాట కూడా ఆదుకోదని ఒప్పుకుంటున్నాం. కొలొస్సయులకు 1:16లో 'సింహాసనములైనను ప్రభుత్వములైనను ప్రధానులైనను అధికారములైనను' అని ఉంది. ఆ కాలానికి అవి చక్కటి మాటలు. ఇవాళ తెర మీద "ప్రభుత్వాలు, అధికారులు, ప్రధాని వస్తున్నారు" అని పడితే అమరావతిలో ఏదో సమీక్షా సమావేశం అనుకుంటారు. నిఘంటువు తెరిస్తే ఇంకా ప్రమాదం: ప్రిన్సిపాలిటీ అంటే 'సంస్థానం', వర్చ్యూ అంటే 'సద్గుణం'. "అతనొక సంస్థానం" అన్న వాక్యాన్ని ఎవరు మింగగలరు?

మా సూచన ఇది. డొమినియన్‌కు 'ఏలిక'. పవర్‌కు 'అధిపతి'. ప్రిన్సిపాలిటీకి 'ప్రధానుడు', 'ప్రధాని' మాత్రం వద్దు. థ్రోన్‌కు 'సింహాసనం' ఉన్నదున్నట్టే. వర్చ్యూకు 'బలశూరుడు': 103వ కీర్తనలో దూతలను 'బలశూరులారా' అని పిలిచిన మాట అది. 'శక్తి' అనకండి, చూసేవాళ్లకు వెంటనే అమ్మవారు గుర్తొస్తుంది.

ఈ హోదా తెలిస్తే 'గుడ్ ఓమెన్స్' సీరియల్ మరింత రుచిస్తుంది. ఆ కథలో అజిరాఫెల్ ప్రిన్సిపాలిటీ, గబ్రియేలు ఆర్చేంజెల్. దియొనీసియస్ లెక్కన అజిరాఫెలే ఒక మెట్టు పైన! అయినా గబ్రియేలు అతని మీద కార్యాలయపు బాసులా పెత్తనం చేస్తాడు. ఏదెను తోటకు తూర్పున కాపలా ఉన్నది కూడా ఆది కాండం 3:24 ప్రకారం కెరూబులు. ఆ కథ ఆ పనిని అజిరాఫెల్‌కు అప్పగించింది, అతనేమో చేతిలోని కత్తిని కాస్తా దానం చేసేశాడు. ఆ కత్తికి కూడా మనకు మాట ఉంది: 'ఖడ్గజ్వాల'. "మండుతున్న కత్తి" అనే చోట ఆ ఒక్క మాట పెట్టి చూడండి.

4. మైఖేల్ వేరు, మిఖాయేలు వేరు.

మైఖేల్ అంటే మన వీధిలో గిటారు నేర్పే అబ్బాయి. మిఖాయేలు ఘటసర్పంతో యుద్ధం చేసినవాడు. పేరు చివరి 'ఏలు' హీబ్రూలో దేవుడని అర్థం. మిఖాయేలు అంటే 'దేవుని వంటివాడెవడు?' అన్న ప్రశ్న. రఫాయేలు అంటే 'దేవుడు స్వస్థపరిచాడు', ఊరియేలు అంటే 'దేవుడు నా వెలుగు'. 'మైఖేల్', 'రాఫెల్', 'యూరియల్' అని రాస్తే ఈ పేర్లన్నిటినీ కట్టిన ఆ దారం తెగిపోతుంది.

డబ్బింగ్‌లో పెదవుల ఇబ్బంది ఉందని తెలుసు. 'మైఖేల్' రెండు అక్షరాల్లో అయిపోతుంది, 'మిఖాయేలు' నాలుగు. చివరి అచ్చు వదిలేసి 'మిఖాయేల్' అనండి, మూడుకు దిగుతుంది. రెండూ మకారంతోనే మొదలవుతాయి కనుక క్లోజప్‌లో పెదవులు మూసుకునే చోటు తప్పదు. గబ్రియేలుకు ఆ ఇబ్బంది కూడా లేదు. 'గబ్రియేల్' మూడక్షరాలూ, మధ్యలో బకారమూ ఇంగ్లిష్ పలుకుబడితో కుదురుతాయి. సబ్‌టైటిల్‌లో మాత్రం పూర్తి రూపం ఉండాలి. పిలుపైతే 'గబ్రియేలూ!' అని దీర్ఘం ఇవ్వండి.

దీనికి ఒక హద్దు ఉంది. కాస్టియెల్, అజిరాఫెల్, 'లూసిఫర్' సీరియల్‌లోని అమెనడియెల్ పేర్లు ఏ బైబిల్లోనూ లేవు. వాటికి 'కాస్తియేలు' అని పాత వాసన పూయకండి, వినబడినట్టు రాయండి. మెటాట్రాన్ యూదు సంప్రదాయంలోవాడు, తల్ముదులో కనిపిస్తాడు. ఆ పేరూ అలాగే ఉండనివ్వండి. ఊరియేలు సంగతి మధ్యస్థం. హనోకు గ్రంథంలో ఉన్నాడు, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం ఆ గ్రంథాన్ని పవిత్ర గ్రంథాల్లో చేర్చుకుంది. 745లో రోములో జరిగిన సభ మాత్రం మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు తప్ప మిగతా పేర్లతో దూతలను ప్రార్థించడాన్ని ఖండించింది. ఈ ముగ్గురికీ కలిపి సెప్టెంబరు 29న కథోలికుల పండుగ. రఫాయేలు పేరు వచ్చే తోబీతు గ్రంథం కథోలిక బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టెంట్ బైబిల్లో ఉండదు. పక్కపక్క ఇళ్లవాళ్లే ఒకరికి తెలిసిన పేరు ఇంకొకరికి తెలియకపోవడానికి కారణం అదే.

5. లూసిఫర్ పేరు తెలుగు బైబిల్లో లేదు.

ఉన్నది 'తేజోనక్షత్రమా, వేకువచుక్కా' అన్న సంబోధన, యెషయా 14:12లో. ఆ పద్యం బబులోను రాజును ఎత్తిపొడుస్తూ మొదలవుతుంది. లాటిన్ అనువాదంలో వేకువచుక్కను 'లూసిఫర్' అన్నారు, అది తర్వాత సాతాను పేరైంది. 2016 నుంచి 2021 దాకా ఆరు సీజన్లు నడిచిన 'లూసిఫర్' సీరియల్‌లో అతని ఇంటిపేరు మార్నింగ్‌స్టార్. ఆ ఇంటిపేరు మీద చమత్కారం వచ్చినచోట 'వేకువచుక్క' అని ఒక్కసారైనా వినిపించాలి. అతన్ని మాటిమాటికీ పేరుపెట్టి పిలిచేచోట మాత్రం 'లూసిఫర్' అనే ఉంచండి.

అతన్ని 'ఇబ్లీసు' అని మాత్రం రాయకండి. ఖురాన్ 18:50లో ఇబ్లీసు జిన్నుల జాతివాడు. దూతలు దైవాజ్ఞ మీరరని 66:6 చెబుతుంది. కాబట్టి తిరుగుబాటు చేసి పడిపోయిన దూత అన్న ఊహే అక్కడ పొసగదు. అలాగే గబ్రియేలుకు 'జిబ్రీల్' అన్న పేరు ఇస్లామీయ సందర్భంలోనే వాడాలి. ఆరువందల రెక్కల జిబ్రీల్‌ను హదీసుల్లో విని పెరిగిన పిల్లవాడు, సూటు తొడుక్కుని జోకులేసే పాత్రకు అదే పేరు పెట్టారని చూస్తే బాధపడతాడు. ఆ బాధ ఆ సీరియల్ తెచ్చింది కూడా కాదు, మనం చేతులారా తెచ్చినది.

6. నువ్వా, మీరా? అన్నా, తమ్ముడా? వచ్చాడా, వచ్చిందా?

ఇంగ్లిష్‌కు ఈ మూడు ప్రశ్నలూ రావు. తెలుగు వాక్యం ఇవి తేలనిదే ముగియదు.

దేవుడితో మాట్లాడే దూతలు 'మీరు' అంటుంటారు సబ్‌టైటిళ్లలో. ఏ మతం వాళ్లమైనా తెలుగులో దేవుడిని 'నువ్వు', 'నీవు' అనే పిలుస్తాం. 'మా తండ్రీ, నీ నామము' అనే కదా ప్రార్థన. 'మీరు' అనగానే దేవుడు కలెక్టరైపోతాడు. దూతలు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మాత్రం హోదా చూడాలి. ప్రధానదూత కింది దూతను 'నువ్వు' అంటాడు, కింది దూత 'మీరు' అంటాడు. ఆ కింది దూత తిరగబడిన ఎపిసోడ్‌లో 'మీరు' కాస్తా 'నువ్వు' కావాలి. ఆ మార్పు ఎక్కడ జరగాలో వీడియో చూడనివాళ్లకు తెలియదు.

'బ్రదర్' అన్న మాట ఇంకో గొడవ. 'సోదరా' అంటే పౌరాణిక నాటకం వాసన. 'సూపర్‌నేచురల్'లో మిఖాయేలు పెద్దవాడు, లూసిఫర్ తర్వాతివాడు, గబ్రియేలు అందరికన్నా చిన్నవాడు. కాబట్టి లూసిఫర్ నోట మిఖాయేలుకు 'అన్నా', మిఖాయేలు నోట లూసిఫర్‌కు 'తమ్ముడూ' పడాలి. తలకిందులుగా పడితే ఆ ఇంటి పోరు మొత్తానికీ అర్థం మారిపోతుంది.

ఇక లింగం. 'గుడ్ ఓమెన్స్'లో మిఖాయేలుగానూ ఊరియేలుగానూ నటించినది స్త్రీలు. 'మిఖాయేలు వచ్చాడు' అంటే తెర ఒప్పుకోదు, 'వచ్చింది' అంటే పేరు ఒప్పుకోదు. 'వచ్చారు' అనండి. తెలుగులో గౌరవ బహువచనం మగా ఆడా తేడా అడగదు, పైగా ప్రధానదూతకు ఆ గౌరవం తగినదే.

7. ఇంకో నాలుగు మాటలు, క్లుప్తంగా.

'హెవెన్లీ హోస్ట్' అంటే ఆతిథ్యం ఇచ్చేవాడు కాదు, 'పరలోక సైన్యసమూహం'. లూకా 2:13లో ఉంది.

'గ్రేస్' చర్చిలో 'కృప'. కానీ 'సూపర్‌నేచురల్'లో దూత గొంతు కోస్తే వెలుగులా కారి సీసాలోకి ఎక్కే పదార్థం అది. "అతని కృపను సీసాలో పట్టాడు" అంటే కృప అన్న మాటకే అవమానం. 'తేజస్సు' అనండి.

'వెసల్' ఓడ కాదు, వంటపాత్ర కాదు. దూత ఆవహించడానికి ఒప్పుకున్న మనిషి. 'ఘటం' అనండి. 'మంటి ఘటములు' అని పౌలు పత్రికలో ఉంది. బోనాల్లో అమ్మవారిని ఆవాహన చేసేదీ ఘటంలోనే. 'గట్టి ఘటం', 'ముసలి ఘటం' అని మనుషులను అనడం మన నోళ్లకు ఎటూ అలవాటే. ఇంత సరిగ్గా అమరే మాట ఇంగ్లిష్ వాళ్లకు కూడా దొరకలేదు.

'డీమన్', 'ఘోస్ట్' రెండింటికీ 'దెయ్యం' అనేస్తున్నారు. బైబిల్లో డీమన్‌కు 'దయ్యము' ఉన్న మాట నిజమే గానీ వాడుకలో దెయ్యం అంటే చచ్చినవాళ్ల ఆత్మ. 'సూపర్‌నేచురల్'లో దెయ్యాన్ని వదిలించాలంటే ఎముకల మీద ఉప్పు చల్లి కాల్చాలి. డీమన్‌ను వదిలించాలంటే లాటిన్ మంత్రం చదవాలి. రెండూ ఒకే పేరుతో వస్తే ఉప్పెందుకో మంత్రమెందుకో ఎవరికీ తెలియదు. ఘోస్ట్‌కు 'దెయ్యం', డీమన్‌కు 'దురాత్మ' సరిపోతాయి.

8. నష్టపోయేది ఎవరు?

ఇంగ్లిష్ వచ్చినవాళ్లు సబ్‌టైటిల్ తప్పైతే నవ్వుకుని మాట విని సర్దుకుంటారు. ఆ వీలు లేనిది వినికిడి లోపం ఉన్నవాళ్లకు, ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు, తెలుగు మీడియం పిల్లలకు. వాళ్లకు తెర కింది రెండు వరుసలే కథ. మనవడితో కలిసి చూస్తున్న క్రైస్తవ నానమ్మ 'గాబ్రియెల్ దేవత' అని చదివి, ఇదేదో మన దేవుణ్ణి వెక్కిరించే సీరియల్ అని టీవీ కట్టించేస్తుంది. ఆమె చర్చిలో వినే మాటే అక్కడ ఉంటే, ఇది కట్టుకథని ఆమెకూ తెలుస్తుంది, తేడా ఎక్కడుందో మనవడికి ఆమే చెప్పగలదు. దూతల గురించి ఏమీ తెలియని ఇళ్లలో జరిగేది ఇందుకు వ్యతిరేకం. పొరుగువాళ్ల మతంలో 'దేవతలు' ఒకరినొకరు పొడుచుకుంటారని పిల్లలు నమ్మి బడిలో అదే అంటారు.

అనువాదకులకూ నష్టమే. నిమిషానికి ఇంత అని లెక్కగట్టి, వీడియో లేని ఇంగ్లిష్ ఫైలు చేతిలో పెట్టి, ఒకే సీజన్‌ను ముగ్గురికి పంచి, మర్నాటికి కావాలంటే ఎవరైనా ఇలాగే రాస్తారు. తిట్లు మాత్రం వాళ్లకే.

మేం అడుగుతున్నవి ఇవి:

1. దూతలు, దురాత్మలు వచ్చే ప్రతి సీరియల్‌కూ మొదటి ఎపిసోడ్ అనువాదానికి ముందే పదపట్టిక తయారు చేయండి. నలభై వరుసలు, నాలుగు గడులు చాలు: ఇంగ్లిష్ మాట, సబ్‌టైటిల్‌లో తెలుగు, డబ్బింగ్‌లో పలికే రూపం, ఎందుకో ఒక్క వాక్యం. రెండు రోజుల పని. తెలుగు బైబిల్ బాగా తెలిసినవాళ్లొకరు, అవసరమైనచోట తెలుగులో ఇస్లామీయ సాహిత్యం చదివినవాళ్లొకరు దాన్ని చూడాలి. వారికి పారితోషికం ఇవ్వాలి.

2. సబ్‌టైటిల్‌కూ డబ్బింగ్‌కూ అదే పట్టిక. చెవికి 'ప్రధానదూత' వినబడుతుంటే కంటికి 'ఆర్చ్ ఏంజెల్' కనబడకూడదు. సీజన్ మారినా ఏజెన్సీ మారినా పట్టిక మారకూడదు.

3. అనువాదకులకు వీడియో ఇవ్వండి. దాంతోపాటు ఎవరు ఎవరికి అన్న, ఎవరు ఎవరిని 'మీరు' అంటారు, ఏ ఎపిసోడ్‌లో అది మారుతుంది అన్న ఒక్క పేజీ కాగితం.

4. డబ్బింగ్ మాటలను రికార్డింగ్‌కు ముందే పట్టికతో సరిచూడండి. గొంతు రికార్డయ్యాక ఒక్క పేరు మార్చాలన్నా నటుణ్ణి మళ్లీ స్టూడియోకు పిలవాలి. సబ్‌టైటిల్ అలా కాదు, అది ఉత్త అక్షరాల ఫైలు, దిద్దడానికి నిమిషాలు చాలు. అందుకే నిమిషం, సెకను చెప్పి ఇచ్చిన ఫిర్యాదును 30 రోజుల్లో దిద్దండి, లేదా ఎందుకు దిద్దరో తెలుగులో చెప్పండి.

5. ఫిర్యాదు పెట్టెలో 'ఇతర సమస్యలు' కింద కాకుండా అనువాదానికి విడిగా ఒక గడి పెట్టండి.

6. ఎపిసోడ్ చివర అనువాదకుల పేరు వేయండి.

'ప్రధానదూత' పొడుగైన మాట, తెర మీద పట్టదని ముందే ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. మామూలుగా ఒక సబ్‌టైటిల్‌కు రెండు వరుసలు, మహా అయితే ఏడు సెకన్లు. మీ ఫైళ్లలో 'యొక్క', 'అనే ఒక', 'చేయడం జరిగింది' ఎన్నిచోట్ల ఉన్నాయో వెతికి తీసేయండి. ప్రధానదూత రెక్కలతో సహా పడతాడు.

పట్టిక తొలి ముసాయిదా మా దగ్గర సిద్ధంగా ఉంది, ఉచితంగానే ఇస్తాం. ముప్పై ఎనిమిది వరుసలు పూర్తయ్యాయి. 'ఫాలెన్ ఏంజెల్'కు 'పతిత దూత' అని కొందరం, 'పడద్రోయబడిన దూత' అని కొందరం ఇంకా పట్టుబడుతున్నాం, అందుకని ఆ గడి ఖాళీగా ఉంచాం. డొమినియన్ గడిలో 'ఏలిక' అని పెన్సిల్‌తోనే రాశాం. మెరుగైన మాట మీ దగ్గరుంటే చెరిపి రాయండి.

ఇట్లు,
తెలుగు సబ్‌టైటిళ్లతో సీరియళ్లు చూసే ప్రేక్షకులం, ఆ పనే చేస్తున్న కొందరం